జీన్ల మామ కుట్టులో తప్పు లేదు

పోయిన నెల ఒక బుధవారం పొద్దున పాలామె ఆ కబురు తెచ్చింది. చెంబు కింద పెట్టకముందే చెప్పేసింది.

"యమ్మా, మీ ఎదురింట్లో ఉండిన జీన్ల సాయబు పోయినాడంట. పుంగనూర్లో, కూతురింట్లో. నిన్న మాపిటేళకే మట్టి చేసేసినారంట."

"గిన్నె తిన్నగా పట్టమ్మా, పాలు కారిపోతాండాయి" అని ఆమె గదమాయించాక గిన్నె సరిగా పట్టుకొన్నాను. పాలు పొయ్యి మీద పెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. రోజూ చదివే స్తోత్రం ఆ రోజు నోటికి రాలేదు.

ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పదమూడేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు వినడానికి ఆయన లేడు. అందుకని మీకు చెబుతున్నాను. ఇది చదివేవాళ్ళలో మా వీధివాళ్ళు ఉండవచ్చు. ఆయన పనిని అనుమానించినవాళ్ళూ ఉండవచ్చు. వాళ్ళు మధ్యలో ఆపకుండా చదవాలని కోరుకొంటున్నాను.

జీన్ల మామ అన్నది మేం పెట్టుకొన్న పిలుపు. మదనపల్లెలో జట్కాలు బాగా తిరిగిన రోజుల్లో గుర్రాల జీన్లు, కళ్ళేలు, నడుం పట్టీలు అన్నీ ఆయన ఇంటికే వచ్చేవి. ఆయనకు అంగడి లేదు. ఇంటి ముందు అరుగు, అరుగు మీద గోనెపట్ట, దాని మీద ఆయన. మోకాళ్ళ మధ్య ఒక చెక్క బిగింపు పెట్టుకొని, తోలు అందులో ఇరికించి, ఆరెతో బెజ్జం పొడిచి, రెండు సూదులతో కుట్టేవాడు. ఒక సూది ఇటునుంచి, ఒకటి అటునుంచి, ఒకే బెజ్జంలో ఎదురెదురుగా దూరేవి.

"రెండెందుకు మామా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఒగటి తెగినా ఇంగొగటి పట్టుకోనుంటాది పెద్దపాపా. ఆలుమగలు మాదిరి."

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఈ ఇంట్లో తెగకుండా పట్టుకోనుండేది నేనొక్కదాన్నే. ఆ మాటా చెప్పు పాపకి."

మాది మాంసం ముట్టని ఇల్లు. నాన్న బళ్ళో మాస్టరు. అమ్మ పోయేనాటికి చివరి తమ్ముడికి నాలుగేళ్ళు. అందరికన్నా పెద్దదాన్ని నేను. పెళ్ళి మాట నేనే వద్దన్నాను. పిల్లల్ని పెంచాను, దేవుడికి దీపం పెట్టాను. ఈ రెండు పనులకూ జీవితం సరిపోయింది. ఆ రెండు పనులూ నేను బాగానే చేశానని చాలాకాలం నమ్మాను.

ఆ చివరి తమ్ముడు పట్టాళంలో చేరాడు. రెండేళ్ళకు వాడిని ఉత్తరాన మంచుకొండల్లోకి పంపారు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు వీపుకు తగిలించుకొనే పెద్ద సంచి ఒకటి, అందులో ఒక జత గ్లౌజులు తెచ్చాడు. తోలువి, మోచేతి దగ్గరదాకా ఉన్నాయి. లోపల ఉన్ని తొడుగు. అరచేతులు అరిగి బొక్కలు పడ్డాయి, బొటనవేళ్ళ దగ్గర కుట్లు పిగిలాయి. వాటిని వాడు తిన్నగా ఎదురింటి అరుగు మీదికి తీసుకుపోయాడు.

"ఏం పని చేస్తే ఇట్ల అరిగినాయిరా?" అన్నాడు మామ.

"కాళ్ళకి పొడుగు బద్దలు కట్టుకొని మంచు మీద జారేది మామా. రెండు చేతుల్లో రెండు కట్టెలు పట్టుకోవాల. ఆ కట్టెలకి అరిగినాయి."

"గుర్రం లేకుండానే?"

"గుర్రం లేకుండానే."

"మరి ఆపేదెట్ల?"

"నేర్చుకొనేదాకా పడిపోతే ఆగుతాది."

మామ నవ్వి నవ్వి దగ్గుకొన్నాడు. "ఇందుకోసరం అంత దూరం పోవల్లనా? మన హార్స్లీ కొండ మీద బురదలో నూకితే పోలా!"

"కొత్తవి ఇస్తారు గానీ, ఇవి నా చేతికి అలవాటైనాయి" అన్నాడు తమ్ముడు. ఆ మాట మామకు నచ్చింది. "అవును. కొత్తదానికి చెయ్యి తెలీదు. పాతదానికి తెలుస్తాది" అంటూ గ్లౌజును తన చేతికి తొడిగి చూసుకొన్నాడు.

అరచేతికి వేసే తోలు కోసం పాత జీను ఒకటి విప్పాడు. ముప్పై ఏళ్ళు గుర్రం వీపు మీద మెత్తబడిన తోలు, ఇంతకన్నా మంచిది మనిషి చేతికి దొరకదన్నాడు. లోపలి ఉన్ని తొడుగు బయటికి లాగి, చిల్లులు చూసి, వీధికి అడ్డంగా కేక వేశాడు. "పెద్దపాపా, ఇది నీ పని."

నాకు రఫూ వచ్చు. ఆయన ఆ అరుగు మీద, నేను ఈ అరుగు మీద, ఆయన తోలు, నేను ఉన్ని, మధ్యలో వీధి. రెండు రోజులు అట్లా పని చేశాం. నేను అల్లినచోట వేలు పెట్టి తడిమి, "నీ రఫూ సూస్తాంటే చినిగిందే మేలనిపిస్తాది" అన్నాడు. నా పనికి మెప్పు వచ్చింది ఆ ఇంటినుంచి మాత్రమే. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

తర్వాత బళ్ళోవాళ్ళు పిల్లల్ని హార్స్లీ హిల్స్‌కు నడిపించుకుపోయే టెంట్లు, వీపు సంచులు కూడా ఆయనకే ఇవ్వసాగారు. టెంటు గుడ్డ వీధి మధ్యలో పరిచి, చిరుగులు వెతుక్కొంటూ మోకాళ్ళ మీద పాకేవాడు. జట్కా వస్తే, "ఆగప్పా, ఇల్లు పరిచి ఉండాను" అనేవాడు. రెయిన్‌కోటుకు పాత గొడుగు గుడ్డ అతుకు. పట్టేసిన జిప్పుకు కొవ్వొత్తి రుద్దడం. తెగిన సంచి పట్టీకి కళ్ళెం తోలు. ఏదీ పారెయ్యనిచ్చేవాడు కాదు. చిరిగిన వస్తువును తెచ్చి ఎవరైనా విసుక్కొంటే ఒకే మాట అనేవాడు: "దాన్ని తిట్టొద్దు. అది మనకోసరమే చినిగింది."

పని అయ్యాక చివరగా ఒకటి చేసేవాడు. పుంగనూరు సంతనుంచి తెచ్చిన గొర్రె కొవ్వు, తంబళ్ళపల్లె గుట్టల్లో దొరికే తేనెమైనం కలిపి కరగబెట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోలుకంతా పట్టించేవాడు. కుట్ల మీద మరీ ఎక్కువ. బొటనవేలితో రుద్ది రుద్ది లోపలికి ఎక్కించేవాడు. "కొవ్వు ఉండేదాకా నీళ్ళు లోపలికి రావు, తోలు బిగుసుకోదు" అని తమ్ముడికి చెప్పడం నేను విన్నాను. రెండు సెలవుల్లో రెండుసార్లు అట్లా గ్లౌజులు బాగుపడి పోయాయి. రెండు చలికాలాలు వాటికి ఏమీ కాలేదు.

వాడు మూడోసారి వచ్చింది కార్తీకమాసంలో. తమ్ముడి భార్యది కుప్పం. పురిటికి పుట్టింట్లో ఉంది. బిడ్డ పుట్టిందని తెలిసి, వాడు గ్లౌజులు మామకిచ్చి ముందుగానే కుప్పం పోయాడు. రైలు అక్కడే ఎక్కుతాడు. "మంగళారం నువ్వు బిడ్డను సూసేదానికి వస్తావు గదక్కా, గ్లౌజులు తెచ్చీ" అన్నాడు.

ఆదివారం సాయంత్రం మామ గ్లౌజులు తెచ్చి నా చేతికిచ్చాడు. అప్పుడే కొవ్వు పట్టించాడు.

"వాసన నాలుగు దినాలు ఉంటాది పాపా. పోతాది. నీళ్ళు మాత్రం సూపించొద్దు. ఎండలో పెట్టొద్దు."

సరే అన్నాను. విన్నాను, అర్థం చేసుకొన్నాను, సరే అన్నాను. తెలియక చేసిన పని కాదని మీకు చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

అరుగు మీద కొక్కేనికి వాటిని తగిలించాను. రాత్రి పిల్లి ఒకటి కొవ్వు వాసనకు వచ్చి లాగబోయింది. విధిలేక లోపలికి తెచ్చాను. మాది చిన్న ఇల్లు. తెల్లవారితే కార్తీక సోమవారం. ఉపవాసం. స్నానం చేసి మడి కట్టుకొని దేవుడి ముందు కూర్చుంటే, కర్పూరం మీదుగా గొర్రె కొవ్వు వాసన వచ్చింది. కళ్ళు మూసుకొన్నా వచ్చింది. మనసు నిలవలేదు. ఆ నెలంతా నేను కట్టుకొన్న నియమం ఒక జత గ్లౌజుల వల్ల చెడిపోతోందని కోపం వచ్చింది.

లేచాను. కుంకుడుకాయలు నలగ్గొట్టి వేడినీళ్ళలో వేశాను. గ్లౌజులు అందులో ముంచి పిసికాను. నురగ మీద కొవ్వు తెల్లగా తేలింది. మూడు నీళ్ళు మార్చాను. మిద్దె మీద ఎండలో ఆరేశాను. వాసన పోయింది. పూజ ప్రశాంతంగా జరిగింది. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా చెప్పాలి.

సాయంత్రానికి అవి అప్పడాల్లా బిగుసుకొన్నాయి. భయం వేసింది. మెత్తబరచడానికి తలకు రాసుకొనే కొబ్బరినూనె తెచ్చి బాగా పట్టించాను. మెత్తబడ్డాయి. కుట్లు చూశాను, గట్టిగానే ఉన్నాయి. ఎదురింట్లో మామ అరుగు మీదే ఉన్నాడు. ఇరవై అడుగులు. పోయి "మామా, ఇట్లా చేశాను" అంటే, మళ్ళీ కొవ్వు కరగబెట్టి గంటలో సరిచేసి ఇచ్చేవాడు. తిట్టేవాడు కూడా కాదు. ఆయన కొవ్వు నాకు మైల అనిపించిందని ఆయన ముందు ఎట్లా చెప్పను? సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నన్ను మా గడప దాటనివ్వలేదు.

మంగళవారం బస్సులో పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయాను. స్టేషన్‌లో తమ్ముడు గ్లౌజు తొడుక్కొని వేళ్ళు ఆడించాడు.

"ఏందక్కా, కొబ్బరినూనె వాసనొస్తాంది? మామ తన తలకి పూసుకొనేది దీనికి పూసినాడా ఏమి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రైలు వచ్చింది.

మాఘమాసంలో ఒక పొద్దున ఉత్తరం వచ్చింది. మదనపల్లె చలి మీకు తెలుసు. నేను తల దువ్వుకోవడానికి కూర్చుని, గడ్డకట్టిన నూనె సీసాను కరగడానికి గడప దగ్గర ఎండలో పెట్టాను. నాన్న పక్కన నిలబడి ఉత్తరం చదివాడు. వాడి చేతిరాత కాదు, ఇంకెవరి చేతో రాయించాడు. ఆసుపత్రిలో ఉన్నానని, మంచులో రెండు రోజులు చిక్కుకొన్నామని, కుడిచెయ్యి చివరి రెండు వేళ్ళు పై కణుపులదాకా తీసేశారని, భయపడవద్దని. "గ్లౌజు తోలు రేకు మాదిరి అయిపోయింది. బొటనవేలి కాడ కుట్టు పిగిలి నీళ్ళు దిగినాయి. చేతికి అతుక్కుపోతే డాక్టర్లు కత్తిరించి తీసి పారేసినారు."

నేను సీసా వంక చూశాను. నూనె ఇంకా తెల్లగా, రాయిలా ఉంది. ప్రతి చలికాలం ప్రతి పొద్దునా నేను దాన్ని కరగబెట్టుకొంటాను. అంతకన్నా వెయ్యిరెట్లు చలి ఉన్నచోటికి పోయే చేతికి దాన్నే పూసి పంపాను.

నాన్న ఉత్తరం పట్టుకొని వీధిలోకి పోయాడు. "సాయబూ, నీ చేతిపనికి నా కొడుకు వేళ్ళు పోయినాయి! గుర్రాలకి కుట్టుకొనేవాడికి మనుషుల పనెందుకు?" అని అరిచాడు. వీధి వీధంతా బయటికి వచ్చింది.

మామ అరుగు దిగాడు. "ఏ ఏళ్ళు సారూ?"

"కుడిచెయ్యి, చివరి రెండూ."

ఆయన తన కుడిచెయ్యి ఒకసారి చూసుకొన్నాడు. "కుట్టు యాడ పిగిలిందంట?"

"బొటనవేలి దగ్గర."

"అది నేను కుట్టిందే" అన్నాడు.

తోలు రేకులా అయిందన్న మాట నాన్న వీధిలో చెప్పలేదు. ఆయనకు అది పట్టించుకోవాల్సిన మాటగా తోచలేదు. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, మామకు అంతా తెలిసిపోయేది. నేను గడప లోపల నిలబడి ఉన్నాను. చెప్పలేదు.

బళ్ళోవాళ్ళు టెంట్లు పంపడం మానేశారు. ఎవరూ ఏమీ అనలేదు, పని రావడం నిలిచిపోయింది. జట్కాలు అప్పటికే తగ్గుతున్నాయి.

నెల తిరిగాక ఒక సాయంత్రం మామ మా వాకిట్లోకి వచ్చాడు. చేతిలో తడి తోలుముక్క ఒకటి ఉంది. బొటనవేలి ఆకారంలో కత్తిరించి, చుట్టూ కుట్టి, కొవ్వు పట్టించింది. సోడాల అంగడినుంచి రంపపు పొట్టులో చుట్టి తెచ్చిన ఐసుగడ్డల్లో పొద్దుననుంచి పెట్టాడట.

"సూడు పెద్దపాపా. ఏమీ కాలేదు. నీళ్ళు దిగలేదు, కుట్టు కదల్లేదు." గోటితో లాగి చూపించాడు. "మన మదనపల్లె ఐసుకి అంత రోషం లేదనుకో. అయినా తేడా ఇంత మాత్రం కూడా తెలీలేదే. మరి ఆడ ఎట్ల పిగిలుంటాది? దారంలో తప్పా? మైనం తక్కువేసినానా? నాకు నిద్ర పట్టలేదు పాపా. నువ్వు కుట్టు పని తెలిసినదానివి గదా, నీకేమనిపిస్తాది?"

అప్పుడే దీపం పెట్టి వచ్చాను. చేతిలో హారతి పళ్ళెం ఉంది. "దేవుడికే తెలియాలి మామా" అన్నాను.

"అవును. ఆయనకే తెలియాల" అని ఆ ముక్క మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళాడు.

నేను చేసినవాటిలో ఇదే పెద్ద తప్పు. వేళ్ళు పోయింది నా కోపంతో, సిగ్గుతో, ఏమవుతుందో తెలియక. ఈ మాట అన్నది తెలిసి. దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఒక్కడికే తెలియదు. ఆయన అడిగింది నన్ను.

తమ్ముడు వేసవిలో వచ్చి అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాడు. "నువ్వు బాధపడొద్దు మామా. నేనేమీ అనుకోలేదు" అన్నాడు. మామ ఆ చెయ్యి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరో పట్టాళం స్నేహితుడి గ్లౌజులు వాడు తెస్తే, "నా చేతికి ఆ పని ఒద్దప్పా" అని తిప్పి పంపాడు. గోనెసంచులు కుట్టాడు, బావి మోటలకు తోలు కుట్టాడు. గ్లౌజు మళ్ళీ ముట్టలేదు.

నేను ఆయనకు చేసినవి కూడా ఉన్నాయి. పండగలకు పంపిన పొంగలి, ఆయన భార్య జబ్బు పడినప్పుడు కాచిన కషాయాలు, ప్రతి శుక్రవారం ఆయన పేరున వెలిగించిన ఒక వత్తి. ఇవన్నీ ఒక్క మాటకు బదులుగా చేసినవి. ఆయన మాత్రం, "పెద్దపాపకి మేమంటే ప్రాణం" అని అందరికీ చెప్పుకొనేవాడు. అది వినడం కష్టంగా ఉండేది.

భార్య పోయాక ఆయన పుంగనూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నాన్న కూడా మామనే తప్పుపట్టుకొంటూ కాలం చేశాడు. నిరుడు మామకు బాగాలేదని తెలిసి, ఈసారి చెప్పేస్తానని దేవుడి ముందు అనుకొని పుంగనూరు పోయాను. మంచం మీద ఉన్నాడు. చెవులు సరిగా వినిపించడం లేదు. నన్ను చూసి లేవబోయాడు.

"పెద్దపాపా, తమ్ముడి చెయ్యి ఎట్లుండాది?"

"బాగుంది మామా. కుప్పంలో ఉద్యోగం చేసుకొంటున్నాడు. పెన్ను పట్టుకొంటాడు."

"బొటనేలి కాడ ఇంగో వరస వేసుండాల్సింది" అన్నాడు. పన్నెండేళ్ళ తర్వాత! "ఒగే వరస వేసినా. రెండేసుండాల."

"మామా..." అన్నాను. ఇంకా మాట రాలేదు, మసీదులో బాంగు మొదలైంది. ఆయన కళ్ళు మూసుకొన్నాడు. నమాజు తలచుకొనే మనిషిని కదిలించకూడదని నాకు నేను చెప్పుకొన్నాను. బస్సు వేళ అయిందని లేచాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం నాకు అప్పటికి అలవాటైపోయింది.

తమ్ముడి సంగతి ముందే చెప్పేస్తాను. మామ పోయిన వారానికి కుప్పం వెళ్ళి వాడికి అంతా చెప్పాను. కోప్పడతాడనుకొన్నాను. చాలాసేపు తన కుడిచెయ్యి బోర్లించి, వెల్లకిలా తిప్పి చూసుకొన్నాడు.

"నాకు చెప్పకపోయినా సరేలే అక్కా. ఆయనకి చెప్పుండాల. ఇన్నేండ్లూ నేను ఆయన్ని మన్నించినాననుకొంటా తిరిగినాను. పెద్దమనిషి మాదిరి పోయి పక్కన కూర్చొంటి. ఎంత పొగరో సూడు నాది!"

వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నం పెట్టించాడు. వాడి భార్య వడ్డిస్తుంటే తలెత్తలేకపోయాను.

ఇక పుంగనూరు. కబురు తెలిసిన ఆ బుధవారమే మొదటి బస్సుకు పోయాను. మామ కూతురు వాకిట్లో కూర్చుని ఉంది. చిన్నప్పుడు మా అరుగు మీద ఆడుకొన్న పిల్ల. నన్ను పట్టుకొని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు దక్కాల్సింది కాదు. అందుకని, ఆమె చేతులు తీసి, ఎదురుగా కూర్చుని, ఆ సోమవారం సంగతి మొదలునుంచి చెప్పాను.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"నీళ్ళలో వేసినావా?"

"ఊ."

"కుంకుడుకాయలతో?"

"ఊ."

"పదమూడేండ్లు పెద్దక్కా!" అంది. "మా నాయన సూదిని తప్పు పట్టినాడు. దారాన్ని తప్పు పట్టినాడు. మైనాన్ని తప్పు పట్టినాడు. ఆఖరికి తన కండ్లని కూడా తప్పు పట్టినాడు. కుంకుడుకాయని తప్పు పట్టాలని మాత్రం తెలీకపాయ. యాల చెప్పలేదు? మా నాయన నిన్ను కొడతాడనుకొంటివా?"

మన్నించమని అడిగాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొంది. "నేను మన్నిస్తే ఏమొస్తాది? కుట్టింది నేను కాదు గదా." లేచి నిలబడింది. "పద. ఆయనకే చెబుదువు. మాలో ఆడోళ్ళు గోరీలకాడికి పోరు. గోడ కాడ నిలబడి చెప్పు. మా నాయనకి చెవుడు, తెలుసు గదా. గట్టిగా చెప్పు."

శ్మశానం ఊరి చివర ఉంది. మొలెత్తు రాతిగోడ, ముళ్ళకంప గేటు. గోడ పక్కన ఒకాయన మేకలు మేపుకొంటున్నాడు. లోపల మామ అల్లుడు ఒక నీళ్ళ బిందెతో మామ గోరీ కొత్త మట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె నా పక్కనే గోడ మీద చేతులు పెట్టి నిలుచుంది.

"మామా" అన్నాను. "మీ కుట్టులో తప్పు లేదు. నేనే వాటిని నీళ్ళలో వేశాను."

"వినపడదు" అంది ఆమె.

ఇంకోసారి చెప్పాను.

"వినపడదు పెద్దక్కా."

నేను జన్మలో గట్టిగా అరిచినదాన్ని కాదు. పిల్లల్ని కూడా మెల్లగానే పిలిచేదాన్ని. రెండు చేతులతో గోడ పట్టుకొని అరిచాను. "కుట్టు మంచిదే మామా! నేను ఉతికినాను! కొవ్వంతా నేనే తీసేసినాను!"

మేకలాయన వెనక్కి తిరిగి చూశాడు. అల్లుడు తలెత్తి ముందు తన భార్యను, తర్వాత నన్ను చూశాడు. బిందె వంచి, తలవైపునుంచి కాళ్ళవైపుకు మెల్లగా నడుస్తూ, ఉన్న నీళ్ళన్నీ ఆ మట్టి మీద పోశాడు. ఎర్రమట్టి పోసినచోటల్లా నల్లబడింది. ఆయన ఖాళీ బిందె తీసుకొని వెళ్ళిపోయాడు. మేకలు ముందుకు కదిలాయి. మేమిద్దరం అక్కడే నిలబడి ఉన్నాం. నడినెత్తి ఎండ ఆ నల్లని తడి మీద పడుతూనే ఉంది. అది చాలాసేపు ఆరలేదు.